పద్నాలుగో మంచం తిప్పిన రోజు

"కాళ్ళు సాపుకో తాతా" అన్నాను.

"సాపినా బిడ్డా. పో, నువ్వు పోయి ఇంత తిను" అన్నాడు.

ఆయనకూ నాకూ మధ్య అదే ఆఖరు మాట.

పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిదో సంవత్సరం. ఆదోనిలో ఒక ఆస్పత్రి, మగోళ్ళ జనరల్ వార్డు. నేను ఆ వార్డులో ఆయాను. మా ఆయన పోయి రెండేండ్లు అప్పటికి. ఆయా అంటే ఏం పని అంటారా? బెడ్‌పాన్ పెట్టేది, అంటే మంచం దిగలేనోళ్ళ కిందికి పెట్టే గిన్నె. పక్కబట్టలు మార్చేది, ఒళ్ళు తుడిచేది. డాక్టరు పొద్దున రౌండ్సుకొచ్చి మంచానికొక నిమిషం నిలబడతాడు. మిగతా దినమంతా రోగికి కనపడే మొగం మాదే. నాకు సంతకం తప్ప రాదు. నేను సెప్తాంటే మా అక్క మనవరాలు సుజాత రాస్తాంది.

ఆ తాత పేరు లాలప్ప, ఎమ్మిగనూరు మనిషి. కడుపులో గడ్డ, ముదిరిపోయింది. "కోసి లాభం లేదు, ఉన్నన్ని దినాలు సుఖంగా చూడండి" అన్నాడు డాక్టరు. కూతురు తెచ్చి పద్నాలుగో మంచంలో చేర్పించి, ఇంట్లో చంటిపిల్ల ఉందని మళ్ళీ ఊరికి పోయింది. కేస్ షీటు, అంటే రోగి వివరం రాసే కాగితం, సిస్టరమ్మ సదివింది: పేరు లాలప్ప, కూలి. మాట మన మాటే, నెత్తిన టోపీ లేదు. మావోడే అనుకున్నా.

చేతి నరాలు దొరకక కాలిమడమ కాడ సూది గుచ్చి సెలైన్ ఎక్కించినారు, సీసాలో వేలాడదీసే ఉప్పునీళ్ళ మందు. కాలు కదిలితే సూది జారి వాస్తుంది. ఆయనేమో మోకాళ్ళు ముడుచుకునేవాడు. నేను సాపేది, ఆయన ముడిచేది.

"ఏం తాతా, కొత్త పెండ్లికూతురు మాదిరి ముడుచుకుంటావు?"

"మోకాళ్ళు నా మాట ఇనవు బిడ్డా. మా ఆడది కూడా ఇంతే ఉండె."

పక్క మంచాలోళ్ళంతా నవ్వినారు.

రెండో దినానికి మడమ ఉబ్బింది. నొప్పికి ముడుచుకుంటాండాడని ఇంజక్షన్ ఇచ్చినారు. అయినా ముడిచినాడు. "కట్టెయ్" అంది సిస్టరమ్మ. బ్యాండేజీ గుడ్డ తీసి, రెండు కాళ్ళూ మంచం కొసన ఇనుప కమ్మీకి కట్టేసినా. ఊరికే కట్టలేదు, "మొండికేస్తే ఇట్లే" అని గదమాయించి మరీ కట్టినా. ఆయన ఆ ముడి వైపు చూసినాడు. తువ్వాలు మొగం మీదికి లాక్కున్నాడు.

మూడో దినం పొద్దున కూతురు గంజి తీసుకొని వచ్చింది. మంచం కాడ నిలబడిపోయింది.

"ఎవరత్తా, మా నాయన కాళ్ళు పడమటికి కట్టింది?"

అరిచింటే బాగుండు. మెల్లగా అడిగింది.

"మేము దూదేకులోళ్ళం. నమాజుకు మొగం పెట్టేది ఆ పక్కకే. ఇంట్లో నిద్దట్లో కూడా అటు కాళ్ళు సాపడు. పానం పోయేటప్పుడు అటు కాళ్ళు పెట్టి పోతానేమో అని ఆయనకు ఒకటే దిగులు."

నా చేతులకు ముడి ఊడిరాలేదు. కత్తెర తెచ్చి కోసినా. మూడు దినాలు, లోపల గడ్డ తినేస్తాంటే, ఉన్న కాస్త సత్తువంతా ఆ మోకాళ్ళు ముడిచేదానికే పెట్టినాడు. నేను దాంతోనే కొట్లాడినా.

"ఎందుకు సెప్పలేదు తాతా?"

"సెప్తే మంచం తిప్పాల. వరస సెడుతుంది. నిన్ను తిడతారు."

సిస్టరమ్మ మొదట ఒప్పుకోలేదు. మంచాలన్నీ వరసలో ఉండాల, రౌండ్సుకు అడ్డం రాకూడదు. "నువ్వు కట్టమంటే కట్టినా గదమ్మా, ఇప్పుడు తిప్పనియ్యి" అన్నా. ఆయమ్మ డాక్టరును అడిగొచ్చి, వాచిన కాలినుంచి సూది తీసేసింది. "నేను మందుల గదిలోకి పోతాండా. ఈడ ఏం జరిగేదీ నేను చూడలేదు" అంది.

నేనూ కూతురూ చెరొక పక్క పట్టుకున్నాం.

"తల ఎటు పెట్టాల?"

"ఉత్తరానికి అత్తా."

మాలో బతికుండే మనిషిని ఉత్తరం తలాపున పండబెట్టం. "నిజమేనా?" అని రెండుసార్లు అడిగినా. "మాకు అట్లే. కుడి పక్కకు ఒరిగితే మొగం పడమటికొస్తాది" అంది. నా భయం పోలేదు. భయపడతానే తిప్పినా.

కుడి పక్కకు ఒరగబెట్టి, వీపుకు దిండు పెట్టినా. కట్టె మాదిరి బిగుసుకున్న ఒళ్ళు మెల్లగా వదులైంది. కాళ్ళు సాపుకోమన్నది అప్పుడే. నేను రెండు ముద్దలు తిని వచ్చేసరికి కూతురు తడి దూదితో పెదాలు తడుపుతా, చెవి కాడ కలిమా, అంటే వాళ్ళ అల్లా మాట, సెప్తాంది. అట్లే, పట్టపగలు, అందరి మధ్య పోయినాడు.

తర్వాత చానా ఏండ్లు ఆ పని చేసినా. కొత్త మనిషి మంచమెక్కితే, నొప్పి యాడ అని డాక్టరు అడిగేవాడు. నేను మాత్రం "ఏ పక్క పండుకుంటే నీకు ధైర్యం అప్పా?" అని అడిగేదాన్ని. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు వెంటనే సెప్పేవాళ్ళు, ఎవరన్నా అడుగుతారా అని సూస్తాండినట్ల. రోగి మంచిదానికి కట్టేదుంటే కట్టాల్సిందే. కట్టకముందు అడగాల. లాలప్ప తాతను నేను అడగలేదు.

సుజాతా, కాళ్ళు కట్టేసినా అన్న కాడ నీ కలం ఆగింది, నేను చూసినా. "పట్టుకున్నా" అని గాని మార్చినావా? అవ్వ మీద పిరేమతో రాయద్దు. గదమాయించిన మాట కూడా ఉండాల. ఆ కాడ నుంచి సదువు, ఇంటాను.