మా యారాలి అడ్డసరం

మొన్న కామారెడ్డిలో కళ్లు చూపించుకొని వస్తుంటే, రోడ్డు పక్కన మొక్కలమ్మే చోట నల్లకవరులో అడ్డసరం మొక్క కనబడింది. దానికి పేరు రాసిన చీటీ కూడా కట్టారు. నా ఈడువాళ్లు నవ్వితే నవ్వనీయండి గానీ, ఆ ముదురాకుల్ని చూడగానే నా కడుపు భగ్గున మండింది. నలభై ఏళ్ల కిందటి మంట అది.

నేను పెళ్లై లింగంపేటకు వచ్చేనాటికే మా బావగారి భార్య, అంటే మా యారాలు, దోమకొండలోని పుట్టింటి నుంచి అడ్డసరం కొమ్మ తెచ్చి దొడ్డిగోడ పక్కన నాటింది. అక్కా అని పిలిచేదాన్ని గానీ, మనసులో ఆ పిలుపు ఉండేది కాదు. ఆమె ఆ చెట్టుకు చెంబెడు నీళ్లు పోయగా నేను చూడలేదు. వానలు మొహం చాటేసి, బావి అడుగంటి, మక్కచేన్లు నిలువునా ఎండిన ఏడు కూడా అది పచ్చగానే ఉంది. చేదుకు మేకలు సైతం మూతి పెట్టేవి కావు. దగ్గొచ్చిన పసిపిల్లల్ని ఎత్తుకొని వాడకట్టంతా, ఎదురింటి సాయబుగారి భార్యతో సహా, ఆమె గడపకే వచ్చేవారు. ఆకు వెచ్చచేసి, పిండిన రసంలో తేనె కలిపి ఇచ్చేది, అంతే. అదేమైనా బ్రహ్మవిద్యా? జనం మాత్రం ఆమె హస్తవాసి అనేవారు.

వాళ్లేమనుకుంటే నాకేం గానీ, నన్ను కాల్చింది మా అత్తమ్మ. ముగ్గురం వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చేసేవాళ్లం. ఆ తంబాకు ఘాటుకో ఏమో, అత్తమ్మకు దగ్గు వదిలేది కాదు. అదే ఆకు, అదే తేనె నేను కలిపి ఇస్తే ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేది. "నీ చేతిల చేదెక్కువైతది బిడ్డా, పెద్దదాన్ని రానియ్యి" అనేది. ఆమె ఒక్కసారి నా చేతి గిన్నె ఖాళీ చేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది నాకు.

నాకూ ఒక చెట్టుంటే ఆ వాసి నాకూ వస్తుందనుకొని, అక్క బీడీల కార్ఖానాకు పోయిన ఓ మధ్యాహ్నం కొమ్మ విరిచి నా వంటింటి వెనక నాటాను. పొద్దున బియ్యం కడిగిన నీళ్లు, సాయంత్రం బిందెడు నీళ్లు, మధ్యలో పేడ. పది రోజుల్లో మొదలు మురిగిపోయింది. మళ్లీ నాటితే మళ్లీ అంతే. మూడోదాని ముందు కూర్చొని ఉండగా అక్క వెనక నుంచి వచ్చింది. దొంగతనం గురించి ఒక్క మాటన్నా బాగుండేది. "గన్ని నీళ్లు వద్దు చెల్లె. దాన్ని మర్చిపోవాలె, గప్పుడే బతుకుతది" అని చెప్పి పోయింది. నేను ఏదైనా మర్చిపోయే మనిషినా!

ఆ ఎండాకాలం అక్క తమ్ముడి పెళ్లికని దోమకొండకు పోయింది. మర్నాడు పొద్దున్నే అత్తమ్మకు కళ్లు తేలేసేంతగా దగ్గుతెర వచ్చింది. గబగబా అక్క చెట్టు ఆకే తెంపి రసం తీసి తెస్తే, నా చెయ్యి చూసి తల తిప్పుకుంది. అప్పుడు నా నోటికి ఎలా వచ్చిందో గానీ, "అక్కనే చేసి సీసాల పోసి పోయింది అత్తమ్మా" అన్నాను. గిన్నె ఖాళీ చేసింది. వారం రోజులు అలాగే పోశాను, కుదురుకుంది.

అక్క రాగానే అత్తమ్మ ఆమె చేతులు పట్టుకొని పొగడటం మొదలుపెట్టింది. అక్కకు అర్థమైంది. "నేనేం చేసిపెట్టలే అత్తమ్మా, అంత చెల్లెనే చేసింది" అంది. అత్తమ్మ నవ్వి, "నువ్వు గట్లనే అంటవు. పేరు గూడ దానికే ఇయ్యజూస్తున్నవు, ఎంత మంచి మనసు నీది" అంది. నిజం చెప్పినా పేరు ఆమెకే పోయింది! ఆ పూట నేను ఒక్క బీడీ సరిగా చుట్టలేకపోయాను.

అత్తమ్మ పోయింది, అక్కా పోయింది. ఇప్పుడు నాకు దగ్గొస్తే కోడలు మందుల షాపు సీసా తెచ్చి మూతతో కొలిచి ఇస్తుంది. ఆమె లేకపోతే మనుమరాలు, ఎవరూ లేకపోతే నేనే. ఎవరు పోసినా ఒకటే తీపి. ఈ చెయ్యి కావాలి, ఆ చెయ్యి వద్దని మారాం చేసే ముసలివాళ్లు లేరు. ఒక గిన్నె కోసం ఇన్నేళ్లు లోలోపల రగిలే కోడళ్లూ లేరు. మంచిదే కాబోలు. అక్క హస్తవాసి నిజమో కాదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. ఊరంతా తాగిన ఆ రసాన్ని, ఓర్వలేనితనం కొద్దీ, నేను ఒక్కనాడూ ఆమె చేతి నుంచి అందుకొని తాగలేదు.