బొట్టు పెట్టి పిలిచిన సంఘం

పొద్దుగాల మిల్లు బస్సు ఎక్కుతుంటే డ్రైవరు మెల్లగ చెప్పిండు. "మీ అక్క పోయిందంట చెల్లె. మహబూబ్‌నగర్ దవాఖానల, తెల్లారంగ." ఎక్కిన మెట్టు దిగి రోడ్డు పక్కన్నే కూసున్న.

అక్క అంటే నా తోడవుట్టింది గాదు, మా గోడ పక్కింటామె. కొత్తకోట దిక్కున్న దారం మిల్లుల నాకు పని ఇప్పిచ్చింది ఆమెనే, తెగిన పోగు అతికిచ్చుడు నేర్పింది ఆమెనే. మనిషి బక్కగుండేది గని గొంతు మిషిన్ల మోతల గూడ ఇనవడేది. బువ్వ తినేటప్పుడు ముందుగాల పక్కామె డబ్బ మూత తీసి చూసేది. "ఏందే, ఉత్త కారమేనా?" అని తన కూర సగం ఏసేది. వద్దంటె కోపం.

మా మిల్లు గేటుకు ఒక బోర్డుంటది. లోపట సంఘం ముచ్చట పెట్టొద్దు, ఎవ్వరిని సంఘంల చేర్పియ్యద్దు అని. ఒకసారి బువ్వ తినే కాడ అక్క "మనం గూడ సంఘం పెట్టుకుందమే" అన్నదో లేదో, ఆఫీసుకు పిలిచిన్రు. ఇంకోసారి ఆ మాటెత్తితే పని పోతదన్నరు, ఏమున్నా బయట మాట్లాడుకొమ్మన్నరు. బయట యాడ? కంపెనీ బస్సు మమ్ములను ఊర్లె ఎక్కిచ్చుకొని సీదా గేటు లోపట దించుతది, మళ్ల ఊర్లెనే ఇడుస్తది. అక్క పోయి లేబర్ ఆఫీసుల అడిగింది. "గేటు లోపట వాళ్ల జాగా అమ్మా. మీ ఇండ్లయితే మీవే గదా" అన్నడంట ఆ సారు.

నవ్వుకుంట వచ్చింది. "ఇండ్లకే పోదం పా. బొట్టు పెట్టి పిలిస్తే మనోళ్లు రాకుంట ఉంటరా?"

కని అక్కకు పెనిమిటి లేడు. ఆమె చేతి బొట్టు ఎవరు పెట్టిచ్చుకుంటరు? అందుకే కుంకుమ భరిణె నా చేతికిచ్చింది. సెలవు దొరికినప్పుడల్ల ఇద్దరం ఊరూరు తిరిగినం. నేను లోపటికి పోయి బొట్టు పెట్టేది, ఆమె గడప బయట నిలవడి చెప్పేది: "ఆదివారం మీటింగుంది, మరువకు." ఒకింట్ల ముసలామె "ఎవరి పెండ్లే?" అని అడిగింది. "సంఘానిది అవ్వా! పెండ్లి పిల్ల నీ కోడలే" అన్నది అక్క. ముసలామె ఇరగబడి నవ్వింది, చాయ తాగిందాంక ఇడువలే.

ఆ చాయ గూడ అక్క అరుగు మీదనే తాగింది. "లోపటికి రారాదు అక్కా" అంటే, "ఆడ గేటు, ఈడ గడప. నాకు అలవాటేనే" అన్నది. నవ్వుకుంటనే అన్నది. నేను గూడ నా చాయ పట్టుకొని అరుగు మీదికే వచ్చి కూసున్న.

ఆ ఆదివారం అక్క ఇంటి ముంగటికి ఆడోళ్లు నిండ వచ్చిన్రు. సంఘం నిలవడ్డది. తర్వాత అక్కనే ముందుండి మాట్లాడి, బువ్వ టైముల మా ముచ్చట మేం మాట్లాడుకునేటట్టు మిల్లోళ్లను ఒప్పిచ్చింది. ఇప్పుడు మేం నలుగురం కూసొని నోరు తెరుస్తున్నమంటే ఆమె పుణ్యమే.

మాపటికి అక్కను ఇంటికి తెచ్చిన్రు. మిల్లు పిల్లలందరం పోయినం. తానం పోసి కొత్త చీర కప్పిన్రు. నొసలు మాత్రం బోడిగున్నది. నాకు పానం ఒప్పలే, కొంగున కట్టుకొని పోయిన కుంకుమ భరిణె తీసిన. చుట్టాలల్ల ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకున్నది. "ఏం జేస్తున్నవ్ బిడ్డా? ఆమెకు బొట్టేంది?"

"అందరిని బొట్టు పెట్టిచ్చి పిలిచింది పెద్దమ్మా. ఆమెను ఎవ్వరు పిలువకపాయె" అన్న. ఏడుపు ఆగలే. పెద్దామె నా చెయ్యి ఇడిసింది.

సల్లగున్న నొసటి మీద బొట్టు పెట్టిన. ఆమె మాటే నా నోట్లెకెళ్లి వచ్చింది.

"ఆదివారం మీటింగుంది అక్కా, మరువకు."