కాలిపోయిన కృతజ్ఞతలు

నవ్వనని మాటిస్తే చెప్తాను. నవ్వుతారు, నాకు తెలుసు. అయినా చెప్తాను. భిలాయిలో రిసాలి నుంచి చరోదా దాకా అందరికీ తెలిసిపోయాక మీ దగ్గర దాచి ఏటి లాభం? కప్పు ఇలా పెట్టండి, ఇంకొంచెం టీ పోస్తాను. పాస్టరమ్మ అంటే పరిశుద్ధురాలు అనుకునేవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలుంటే చెవులు మూసుకోండి!

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మా అయ్యగారు పెట్టిందే. సంఘమంతా ఆయన్ని అయ్యగారు అంటారు కదా, వినీ వినీ నేనూ అలాగే అంటాను. క్రిస్మస్ సాయంత్రం ఇంట్లో నలుగురమూ కూర్చుని ఏడాదంతా వెనక్కి తిరిగి చూసుకోవాలి. తలొకరూ రెండు చీటీలు రాయాలి. ఒకదాన్లో ఆ ఏడు దేవుడు చేసిన మేలుకి కృతజ్ఞత, రెండోదాన్లో మనం చేసిన తప్పు. తప్పుల చీటీలు ఎవరూ చదవకూడదు, బొగ్గుల సిగిడీలో వేసి కాల్చెయ్యాలి. కృతజ్ఞతలు మాత్రం పైకి చదవాలి. నాకైతే ఆ తప్పుల చీటీ అంటే మహా ఇష్టం! ఏడాది పొడుగునా నోరు కట్టుకుని, అందరికీ నవ్వుతూ వందనాలు చెప్పుకునే పాస్టరమ్మకి అదొక్కటే సుఖం. కాలిపోయేదే కదా అని కాగితానికి రెండువైపులా రాసీదాన్ని.

ముందటేడు వచ్చింది తంటా. భిలాయిలో అయ్యగారి గడువు అయిపోవచ్చింది. ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉంచాలా, పాలకొండ అవతల ఊరికి బదిలీ చెయ్యాలా అన్నది మా సంఘం సెక్రటరీ దానియేలుగారి మాట మీద ఉంది. ఆయన స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్. చర్చిని కూడా షిఫ్ట్ నడిపినట్టే నడుపుతారు. నా బెంగంతా మా పెద్దమ్మాయి రూతు గురించే. అది అప్పుడు తొమ్మిదో క్లాసు. ఇక్కడే పుట్టింది, హిందీ మీడియం. తెలుగు మాట రాయాలన్నా హిందీ అక్షరాల్లోనే రాసుకుంటుంది. అలాంటి పిల్లని పట్టుకెళ్ళి పదో క్లాసులో తెలుగు బడిలో పడేస్తే దాని గతి ఏటి? అన్నం ముందు కూర్చున్నా నాకదే ఆలోచన.

అప్పుడొచ్చింది నాకు బ్రహ్మాండమైన ఐడియా! దానియేలుగారినీ, ఆయన భార్య మరియమ్మగారినీ క్రిస్మస్ సాయంత్రం టీకి పిలిచి, ఆ కృతజ్ఞతల చీటీలు ఆయన చేతే చదివిస్తే? నలుగురి చీటీల్లోనూ ఆయన పేరే ఉంటే?

"ఇది ముఖస్తుతి కాదేటే?" అన్నారు అయ్యగారు.

"కృతజ్ఞత అండీ. మీరు పెన్ను తియ్యండి."

నలుగురినీ వరసగా కూర్చోబెట్టి డిక్టేషన్ చెప్పాను. దానియేలుగారి వంటి పెద్ద మాకు దొరకడం ఇదీ అదీ అని మూడు లైన్లు. పిల్లలు ముక్కుతూ మూలుగుతూ రాసారు. అయ్యగారూ రాసారు. చర్చిలో ప్రసంగం ఆయనది, ఇంట్లో నాది. తప్పుల చీటీలు మాత్రం ఎవరి మూల వాళ్ళు చూసుకుని రాసుకున్నారు.

ఇక డబ్బాలు. ఏటా కృతజ్ఞతల డబ్బాకి ఎర్ర కాగితం చుట్టేదాన్ని, తప్పులది తుప్పు పట్టిన డాల్డా డబ్బా. కానీ సెక్రటరీగారి ముందు తుప్పు డబ్బా ఏం బాగుంటుంది? రెండింటికీ ఒకే మెరుపు కాగితం చుట్టి, రెండింటికీ ఒకే రకం స్టార్ అంటించాను. మరి గుర్తు? నా కుడిచేతి వైపుది కృతజ్ఞత, ఎడమచేతి వైపుది తప్పు. అక్కడికీ రెండుసార్లు పైకి అనుకున్నాను కూడా. డబ్బాలు బల్ల మీద పెట్టినప్పుడు గోడవైపు నిలబడి ఉన్నాను. వాళ్ళొచ్చాక గోడవైపు కుర్చీలు వాళ్ళకిచ్చి, నేను ఇవతలికొచ్చి వాళ్ళకి ఎదురుగా కూర్చున్నాను. ఇంకేటుంది!

మరియమ్మగారు వస్తూనే అలవాటు ప్రకారం మా అలమార మీద వేలు రాసి చూసుకున్నారు. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనరు, ఆ వేలు కేసి చూస్తారంతే. టీలు ఇచ్చాను, కజ్జికాయలు పెట్టాను. అయ్యగారు లేచి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. "మా తప్పులు బూడిదైపోవాలి ప్రభువా" అనగానే ఎడమచేతి వైపు డబ్బా ఎత్తి సిగిడీలో బోర్లించేసాను. భగ్గుమంది!

"ఎంత మంచి పద్ధతి అమ్మగారూ!" అని మరియమ్మగారు కళ్ళొత్తుకున్నారు. నేను కూడా ఒత్తుకున్నాను.

దానియేలుగారు కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, రెండో డబ్బాలోంచి మొదటి చీటీ తీసారు.

"'సెక్రటరీ అంకుల్ స్కూటర్ గాలి తీసింది నేనే. మూడుసార్లు.'"

మా చిన్నది గ్లోరీ, పదేళ్ళ గుంట, బల్ల కిందికి దూరిపోయింది. నేను నవ్వీసాను. "అరే, చిన్నపిల్ల కదండీ, ఒక డబ్బాలో వెయ్యాల్సింది ఇంకో దాన్లో వేసీసింది!" అన్నాను. అప్పటికి కూడా నాకు వెలగలేదంటే చూడండి.

రెండోది హిందీ అక్షరాల్లో ఉంది. ఆయనకేం, ప్లాంట్‌లో పాతికేళ్ళ సర్వీసు, గడగడా చదివీసారు. "'సెక్రటరీ అంకుల్ ప్రార్థన మొదలెట్టగానే నేను పాటల పుస్తకంలో కామిక్స్ పెట్టుకుని చదువుతాను. ఆయన ఆమెన్ అనేసరికి పుస్తకం మొత్తం అయిపోతుంది.'"

అప్పుడు వెలిగింది! సిగిడీ కేసి చూసాను. బూడిద.

"టీ చల్లారిపోతోంది దానియేలుగారూ! ఆ డబ్బా ఇలా ఇచ్చీండి, తర్వాత చూద్దాం."

"ఉండండి అమ్మగారూ. షిఫ్ట్ లాగ్‌బుక్కు తెరిచాక సగంలో మూసే అలవాటు నాకు లేదు."

మూడోది అయ్యగారిది. "'ఈ ఏడు నేను చెప్పిన ప్రసంగాల్లో సగం పాతవే. సెక్రటరీగారు నిద్రపోతారు కాబట్టి పట్టుబడలేదు.'"

అయ్యగారు తేలు కుట్టిన దొంగలా కూర్చుని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో, భయమో, నేనడగలేదు.

మిగిలింది నాది. ఓలమ్మ! నా రాత నాకే అంత దూరం నుంచి కనిపిస్తోంది.

"'మరియమ్మగారు మా ఇంటికొచ్చి అలమార మీద వేలు రాసి దుమ్ము చూస్తారు. అందుకని ఆవిడ వస్తారంటే నేను కావాలనే దుమ్ము తుడవను. ఆ వేలితోనే తర్వాత కజ్జికాయ తింటారు కదా అని.'"

మరియమ్మగారు వేలు కేసి చూసుకున్నారు. చేతిలో సగం కొరికిన కజ్జికాయ కేసి చూసుకున్నారు. మెల్లగా ప్లేట్లో పెట్టేసారు.

"వెనక కూడా ఉంది," అని దానియేలుగారు కాగితం తిప్పారు. "'దానియేలుగారు ప్రార్థన చేసేది తన గొంతు తను వినడానికి. దేవుడు వినడానికైతే రెండు నిమిషాలు చాలు.'"

నేనింక ఆగలేకపోయాను. "అయ్యో, మీ గురించి ఎంత మంచిగా రాసామో తెలుసాండీ! అవే కాలిపోయాయి!"

"అలాగా. ఏటి రాసారో చెప్పండి, వింటాను."

నోరు తెరిచాను. ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు! డిక్టేషన్ చెప్పింది నేనే! అయ్యగారి వైపు చూసాను, ఆయనకీ రాలేదు. చివరికి రూతు అంది, "అమ్మా, దానియేలుగారి వంటి పెద్ద వరకూ యాద్ ఉంది. ఆగే... తర్వాత ఏటి?" తప్పులైతే నలుగురమూ అక్షరం పొల్లుపోకుండా ఇప్పుడైనా అప్పజెప్తాం.

నాకు ఏడుపొచ్చీసింది. సిగ్గు విడిచి అడిగేసాను. "మమ్మల్ని ఎక్కడికైనా పంపించీండి. ఈ గుంట పదో క్లాసు అయ్యేదాకా మాత్రం ఆగండి. దీనికి తెలుగులో అ కూడా రాదు." దానియేలుగారు ఆ హిందీ అక్షరాల చీటీని ఇంకోసారి చూసారు. లేచి బయటికెళ్ళారు. స్కూటర్ చక్రంలో గాలి లేదు. నాలుగోసారి! పండగ బట్టల్లో మొగుడూ పెళ్ళాం స్కూటర్ తోసుకుంటూ రుఆబాంధాలో వాళ్ళింటి దాకా నడిచెళ్ళారు.

నేను ట్రంకు పెట్టెలు దించి దులపడం మొదలెట్టాను. రూతుకి తెలుగు వాచకం కూడా తెప్పించాను. జనవరిలో కమిటీ కాగితం వచ్చింది. ఇంకో మూడేళ్ళు భిలాయిలోనే! నమ్మలేక అయ్యగారు వెళ్ళి అడిగితే దానియేలుగారు అన్నారట, "ఇన్నేళ్ళ సర్వీసులో నాకు నిద్ర రాని మీటింగు అదొక్కటే అయ్యగారూ. వదులుకుంటానేటి?"

మొన్న క్రిస్మస్‌కి పిలవకుండానే వచ్చీసారు ఇద్దరూ. మరియమ్మగారు అలమార జోలికి పోలేదు. ఆ ఒక్కరోజే నేను దాన్ని శుభ్రంగా తుడిచి పెట్టాను, ఖర్మ! దానియేలుగారు కూర్చుంటూనే, "ఆ కృతజ్ఞతలు సిగిడీలో వేసీండి. రెండో డబ్బా ఇలా ఇవ్వండి," అన్నారు.

ఈసారి నేను తెలివిగా ఉన్నాను లెండి. తప్పుల చీటీలో ఇలా రాసాను: దానియేలుగారిని ఈ ఏడు నేను దేవుడితో సమానంగా చూసాను, ఇది పాపమే, క్షమించాలి.

ఆయన చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివారు.

"ఇది ఆ కృతజ్ఞతల డబ్బాలోది అమ్మగారూ," అని తనే లేచి వెళ్ళి సిగిడీలో వేసొచ్చారు.