అతికించిన మీసం

పదకొండేళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, ఆ ధైర్యంతోనే మీకు చెబుతున్నాను.

అద్దంకి వైపు ఒక కాలేజీలో జంతుశాస్త్రం లాబ్ అసిస్టెంటుని. పురుగులకి సూది గుచ్చి, చీటీ రాసి, పెట్టెలో పెట్టడం నా పని. ఒకరోజు ఏసోబు అనే రైతు తన మామిడితోటలో దొరికిన పెంకుపురుగును సీసాలో తెచ్చాడు. ఒంటికంటే పొడుగు మీసం, ఒక్కటే ఉంది. రెండోది దారిలోనే ఊడిపోయిందట. ఇవి రెండు రకాలు, చూడ్డానికి కవలల్లా ఉంటాయి. మీసంలో మూడో కణుపు పొడుగైతే పచ్చి చెట్టును తొలిచేది. పొట్టిదైతే ఎండుకట్టె తినేది, తోటకు భయం లేదు. సూది గుచ్చుతూ చూశాను. పొడుగే. అంతలో పట్టకారు తగిలి ఆ మీసమూ విరిగి నలిగిపోయింది.

ఏ రకమో తేల్చే మా లెక్చరర్ మేడంగారు మహా కోపిష్ఠి. నాది అప్పటికింకా పర్మనెంటు కాని ఉద్యోగం. పాత పెట్టెలోని ఎండుకట్టె పురుగు మీసాలు పీకి, జిగురుతో దీనికి అతికించాను. ఊడిన కాలో రెక్కో అతికించడం లాబుల్లో మామూలే కదా అనుకున్నాను. దాని కాలు దానికే అతికిస్తారురా, వెధవా, అని ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటాను. మేడంగారు భూతద్దంలో చూసి, నమ్మి, ఎండుకట్టె రకమని తేల్చారు.

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ ఏసోబుకి చెప్పింది నేనే.

"నిజంగా ఏం కాదా అండీ? మందు కొట్టమంటే ఇయ్యాలే కొడతాను."

"వద్దులే ఏసోబూ. మేడంగారు చూశారుగా."

"మీరు చెప్పారు, చాలండి. గుండె నిమ్మళించింది."

నెల తరవాత ఉండబట్టలేక తోటకి వెళ్లాను. చెట్ల మొదళ్లలో రంపపు పొట్టు. మానుకి చెవి ఆనించాను. లోపల పురుగు కరకరమని కొరుకుతోంది. చాలా చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. అప్పుడైనా నోరు విప్పొచ్చుగా? ఏం అడ్డమొచ్చింది నాకు, ఉద్యోగమా, సిగ్గా, లేక అప్పటికే ఆలస్యమైపోయిందని అనుకుంటే హాయిగా ఉందా? చప్పుడు చేయకుండా వచ్చేశాను.

తోట మొత్తం ఎండింది. ఏసోబు ఇప్పుడు చిలకలూరిపేట మిల్లులో పత్తి బేళ్లు మోస్తున్నాడు. కనబడితే ఇప్పటికీ నమస్కారం పెడతాడు. తిట్టినా బాగుండును.

నిన్న దర్శి నుంచి ఇంకో రైతు సీసాతో వచ్చాడు. మీసాలు రెండూ ముక్కలైపోయాయి. కొత్త లెక్చరర్ మా పెట్టెలోంచి ఏసోబు తెచ్చిన పురుగును తీసి, ఎండుకట్టె రకమన్న చీటీ చదివి, రెండు ఒళ్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. అచ్చం ఇదే, భయం లేదన్నాడు. రైతు ముఖం వెలిగింది. అదే వెలుగు.

"సార్, ఆ మీసాలు దానివి కావు. అతికించింది నేనే," అన్నాను.

లెక్చరర్ భూతద్దం అందుకుని ఆ జిగురు చూశాడు. ఏసోబుకి ఇంకా చెప్పలేదు. చెబితే ఏమంటాడో తెలీదు. రాత్రి మాత్రం అన్నం గొంతు దిగింది.