అత్తగారు ఎంచిన సైలెన్సర్

రేపల్లె కారు స్టాండులో అంద్రెయ చెప్పే మాటల్లో సగం తీసేసినా, మిగిలిన సగంలోనూ అబద్ధమే ఎక్కువ. బడిగోడ దూకి వచ్చినవాడికి హద్దులేముంటాయి? తన అంబాసిడర్ హారన్‌కి బాపట్ల దగ్గర సముద్రం రెండడుగులు వెనక్కి జరిగిందని ఒట్టేసి చెప్పేవాడు.

ఆ బండి ఎనభై ఏడు వేసవిలో పొగ కక్కి కూలబడింది. తెనాలి షెడ్డులో మేస్త్రీ పూర్ణచంద్రరావు ఇంజన్ విప్పి, అరిగిన సిలిండర్లను తొలిపించి బోరు కొట్టించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేశాడు.

"దీనికిదే ఆఖరి బోరు, అంద్రెయా. రింగులు కుదురుకునేదాకా మెల్లగా తోలు. మళ్లీ పట్టేసిందంటే పాత ఇనుము కొట్టుకే."

అంద్రెయ ఇంటిల్లిపాదికీ ఆ బండే అన్నం.

పాత సైలెన్సర్ తుప్పుపట్టి ఊడిపోయింది. "కొత్తది ఇప్పుడే వద్దు. మొదట్లో ఆయిల్ పొగొచ్చి లోపలంతా మసి పట్టుద్ది. రింగులు కుదిరేదాకా వీటిలో ఒకటి తగిలించుకో," అని మేస్త్రీ గోడవార చూపించాడు. ఒకటి లోపలంతా డొల్లయిన పైపు. రెండోది గుమ్మడికాయంత పొట్ట ఉన్న సైలెన్సర్.

"పైపే బిగించన్నా! నా బండి రేపల్లెలో దగ్గితే తెనాలిలో పెంకులు కదలాలి."

తెనాలిలో తన చెల్లెలింటికి వచ్చి, అల్లుడి బండిలో ఊరెళ్దామని బల్లమీద కూర్చున్న అత్తగారు అన్నమ్మ తలెత్తింది.

"ఏమయ్యా అల్లుడూ, దారిలో నేను ప్రార్థన చేసుకోవాలా వద్దా? ఆ రొదలో నా మాట దేవుడికెట్టా వినపడుద్ది? ఆ పొట్టదే ఎయ్యమను."

"దేవుడికి చెవుడా అత్తా?"

"ఆయనకి రాదు, మనకొస్తది."

మేస్త్రీ నవ్వుతూ పొట్టదే బిగించాడు.

జంపని దాటి వేమూరు దగ్గరపడుతుండగా అన్నమ్మ ప్రార్థన ఆపింది.

"ఏంటయ్యా ఆ టకటక?"

"నీ తమలపాకుల డబ్బా అత్తా."

ఆమె డబ్బాను రెండు చేతులా ఒళ్లో నొక్కిపట్టింది. టకటక ఆగలేదు. అంద్రెయ బండి ఆపాడు. ఇంజన్ కట్టేసి బానెట్ ఎత్తాడు. ఆయిల్ పైపు నట్టు వదులై ఆయిల్ కారిపోయింది; ఆయిలందకే ఆ టకటక. వెనక రోడ్డు పొడుగునా నల్లటి చార. ఇంకాస్త దూరం తోలుంటే ఇంజన్ ఎండి పట్టేసేదే. డొల్ల పైపు వేసుంటే ఆ టకటక ఎవరికి వినపడేది?

నట్టు బిగించి, డిక్కీలో ఉన్న ఆయిల్ పోసి, బండి తీశాడు. చప్పుడు పోయింది. అంద్రెయ మాటా పోయింది.

"ఏంటి, నాలిక కూడా పట్టేసిందా?"

"నీ పుణ్యాన బతికాం అత్తా."

"దేవుడికి చెప్పు."

"చెప్పా. నీకూ చెప్పమన్నాడు."

రింగులు కుదిరాక కొత్త సైలెన్సర్ వేశాడు, గట్టిగా అరవనిదాన్నే. ఆ ఇంజన్ తొంభైల్లోనూ తిరిగింది. "ఈపురుపాలెం మగ్గం మీద పోగు తెగితే మా అత్తకి రేపల్లెలో వినపడుద్ది" అని అంద్రెయ అంటే బాపట్ల బేరానికి ఎక్కినవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. ఆమె వల్లే ఈ ఇంజన్ బతికిందంటే మాత్రం ఎవరూ నమ్మేవాళ్లు కాదు. అప్పుడు అంద్రెయ నోరు మూసుకుని, బండి పక్కకాపి, ఇంజన్ చప్పుడు వాళ్లనే విననిచ్చేవాడు.