కర్నూలు మద్దిలేటి గారి ఫిర్యాదు

నోటిదురుసుతో కొంప ముంచుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. కానీ లేని మనిషిని పుట్టించి, అతని చేత తనను తానే తిట్టించుకుని, ఆ తిట్లు నిజమని పైవాళ్లు నమ్మేసరికి లబోదిబోమన్న ఆడమనిషిని చూసి ఉండరు. ఇదిగో, చూడండి.

కొన్నేళ్ల కిందటి మాట. కడపలో నాపరాళ్ల దుకాణం మేడమీద మా ఆఫీసు. కింద రాయి కోస్తే పైన మా టీలో దుమ్ము తేలేది. మేం తయారుచేసేది వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్. అంటే ఏ ఫైల్లో ఎవరు ఏం మార్చారో, పాత రూపంతో సహా దాచిపెట్టే సరుకు. మనుషుల మీద బొత్తిగా నమ్మకం లేనివాళ్లెవరో కనిపెట్టి ఉంటారు. అందుకే అదంటే నాకు ప్రాణం. దాన్ని పరీక్షించి తప్పులు పట్టడం నా ఉద్యోగం. తప్పులు పట్టమని ఎదురు జీతమిచ్చే చోటు నాలాంటిదానికి ఇంకెక్కడ దొరుకుతుంది?

మా యజమాని ఓబులేసు సారుకు ఒకనాడు బుద్ధి పుట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ లోపలే ఒక చర్చావేదిక పెడదామన్నారు. వాడేవాళ్లు సందేహమొస్తే ఫైళ్ల పక్కనే అడుగుతారు, మేం అక్కడే జవాబిస్తాం. అది తయారయ్యాక కర్నూల్లో ఒక పెద్ద కంపెనీకి చూపించాలి, నన్నే పోయి చూపించమన్నారు. ఇన్నేళ్లూ వెనక కుర్చీలో కూర్చుని ఒకరి తప్పులు ఏరినదాన్ని, మొదటిసారి నలుగురి ముందు నిలబడబోతున్నాను. చీర కూడా తీసి పెట్టుకున్నాను.

ఆ వేదిక కోసం నేను పట్టిన పట్టు ఒకటుంది. రాసినదాన్ని ఎవరూ చెరపడానికి వీల్లేదు. దిద్దితే దిద్దినవాళ్ల పేరు కింద పడాలి, ముందు రాసిందీ కనబడాలి. ప్రోగ్రాము రాసే మస్తాన్ తల గోక్కున్నాడు.

"అక్కా, మనిషన్నాక ఏదో నోరు జారతాడు. చెరుపుకోనీకపోతే ఎట్లక్కా?"

"చెరుపుకునేది రాసేదెందుకప్పా? ఇంతకీ ఏం రాయాలనుకుంటాండావు నువ్వు?"

మస్తాన్ నవ్వేసి కీబోర్డు వైపు తిరిగాడు. నవ్వి తప్పించుకునేవాళ్ల మీదే నాకు అనుమానం ఎక్కువ. అదీగాక అతనూ, వేంపల్లె నుంచి వచ్చే ఎస్తేరూ రోజూ కలిసి టీకి కిందికి దిగేవాళ్లు. ఎస్తేరు మా సాఫ్ట్‌వేర్ వాడకం గురించి పుస్తకాలు రాసే పిల్ల. నేను కనబడితే ఇద్దరికీ మాట ఆగిపోయేది. బుద్ధున్నవాళ్లయితే టీ తాగుతున్నారనుకుంటారు. నేను డిగ్రీ చదివినదాన్ని కదా, నా కర్నూలు అవకాశానికి ఎసరు పెడుతున్నారనుకున్నాను.

వేదికను ముందుగా కొందరు ఖాతాదారులకు తెరిచాం. వాళ్లకు పేర్లు కేటాయించేది నేనే. వాళ్లతో పాటు "మద్దిలేటి, కర్నూలు" అని, ఆ పెద్ద కంపెనీ మనిషన్నట్టు, ఒకాయన్ను పుట్టించాను, మస్తాన్, ఎస్తేరుల మనసులో మాట లాగడానికి. మద్దిలేటి మొదటి ప్రశ్న: మీ ఆఫీసులో సరోజ గారి నోరు మంచిది కాదట, నిజమేనా?

ఆ సరోజను నేనే. ఇద్దరూ ఎగబడి నా గుట్టు విప్పుతారనుకున్నాను. "మా అక్క గట్టిగా మాట్లాడుతుంది, ఆమె చూశాక తప్పు మిగలదు" అని రాసింది ఎస్తేరు. ఊరకే పొగడరు మహానుభావులు! ఎర చాల్లేదనుకుని మద్దిలేటికి కారం దట్టించాను. ఫోను చేస్తే కుక్కను అదిలించినట్టు అదిలించిందనీ, ఆవిడ కర్నూలొస్తే తాము విననే వినమనీ రాశాడు. నన్ను తిట్టడం ఇంత సులువని నాకప్పటిదాకా తెలియదు. మస్తాన్ దానికీ లొంగలేదు. తప్పు తన ప్రోగ్రాముదే అయి ఉంటుందనీ, ఆమెను అనవద్దనీ వేడుకున్నాడు. ఇంత మంచితనమా? కుట్ర ఖాయమనుకున్నాను.

అది మూడో మనిషి కూడా చదువుతాడని మరిచాను. ఓబులేసు సారు పిలిచారు.

"సరోజమ్మా, కర్నూలుకు మస్తాను పోతాడులే. ఆడ నీ మీద ఒకాయనకు శానా కోపముండాది."

"ఎవరికి సార్?"

"మద్దిలేటి అంట. పెద్దమనిషి మాదిరి ఉండాడు, రాతలోనే తెలుస్తాండాది."

అతను లేడు సార్ అనబోయి నోరు మూసుకున్నాను. నా జీవితంలో అరుదైన సంఘటన.

పరుగున పోయి చెరపబోతే, చెరిపే దారేది? ఎవరు తీసిన గోతిలో వాళ్లు పడతారంటారు. నేను గొయ్యి తీసి, ఎక్కిరావడానికి మెట్లుంటే వాటినీ తీయించి మరీ దూకాను. కంగారులో మద్దిలేటి వేషం కట్టడం కూడా మరిచి, నా పేరుతోనే లోపలికి పోయి అతని ఫిర్యాదును దిద్దేశాను: "ఫోను చేస్తే సొంత అక్కలా మాట్లాడారు. కర్నూలుకు ఆమే రావాలి."

మర్నాడు కర్నూలు కార్యక్రమానికి మస్తాన్ మా ముందే సాధన మొదలుపెట్టాడు. గోడ మీద తెర వెలిగింది. కొత్తగా దిద్దినవి అన్నిటికన్నా పైన కనబడాలన్నది కూడా నా పట్టే. పాత తిట్లు ఎర్రగా, కొత్త పొగడ్త పచ్చగా, కింద "దిద్దినవారు: సరోజ". ఉగ్గాని తింటున్న ఎస్తేరు చెయ్యి నోటి దగ్గరే ఆగింది.

"ఈ మద్దిలేటి నీకు తెలిసినాయనా సరోజమ్మా?" అన్నారు సారు.

"శానా దగ్గరోడు సార్."

"అక్కా," అన్నాడు మస్తాన్ మెల్లగా, "ఇన్నేండ్లలో నీ మీద ఫిర్యాదు చేసింది నువ్వొక్కదానివేనక్కా. మాకు ధైర్యం సాల్లేదు."

టీ దగ్గర గుసగుసలేమిటని అడిగితే ఎస్తేరు చెప్పింది: నేనొస్తే టీలోనూ తప్పులు పడతానని నాకు తెలియకుండా దిగేవాళ్లట.

కర్నూలుకు మస్తానే పోయాడు. అక్కడ చూపించడానికి నా దిద్దుబాటునే ఎంచుకున్నాడు, మా సాఫ్ట్‌వేర్‌లో ఏదీ దాగదని రుజువుగా. వాళ్లు పడీపడీ నవ్వి మా సరుకు కొనడానికి ఒప్పుకున్నారట. చీర బీరువాలోకి పోయింది.

ఆ పూటే అహోబిలం నరసింహస్వామి సాక్షిగా ఒట్టు పెట్టుకుని, ఆ వేదికలోనే అందరూ చూసేలా రాశాను: "ఇకమీద ఎవరినీ అనుమానించను." సాయంత్రం టీకి వాళ్లిద్దరూ మళ్లీ కలిసి దిగడం చూసి, "కారణం లేకుండా ఎవరినీ అనుమానించను" అని దిద్దాను. రెండు ఒట్లూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా, కింద నా పేరుతో.