అమ్మమ్మ వాళ్ళమ్మ మెట్ల మీంచి పడిన సినిమా

మా అమ్మమ్మ కర్టెన్లు కుట్టేది. ఊళ్ళో సగం కిటికీలకు నువ్వే అడ్డం అని నేను వెక్కిరిస్తే, కత్తెర చూపించి, "దగ్గరికి రా, నీ నోటికీ ఒకటి కుడతాను" అనేది. నాకు చదువు పెద్దగా అబ్బలేదు గాని, సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఆవిడ దగ్గర బాగా వచ్చింది. ఆవిడకు చూపు తగ్గుతూ ఉండేది మరి.

కంటి నరం ఎండిపోతోంది, ఆపలేం అని డాక్టరు చెప్పిన రోజు ఆవిడ ఇంటికొచ్చి మిషను మీద గుడ్డ కప్పేసింది.

"పూర్తిగా పోయేలోపు మా అమ్మను చూడాలి" అంది.

వాళ్ళమ్మ మూకీ సినిమాల కాలంలో పెద్ద నటి. ఆవిడ సినిమాలు గాని ఫోటోలు గాని మాకేవీ మిగల్లేదు. అమ్మమ్మను కని పురిట్లోనే పోయింది. జ్వరంతో పోయిందని సినిమా కంపెనీ పత్రికల్లో వేయించి, ఆ చావు మీద జరిగిన విచారణ కాగితాలు తొక్కిపెట్టింది. కంపెనీ మూతపడ్డాక ఆ కాగితాలనూ, విడుదల కాని చివరి రీలునూ చెత్తలోంచి ఏరి తెచ్చింది అమ్మమ్మ అన్నగారే, అంటే మా పెద్ద తాతయ్య. తెచ్చి, ఒక పెట్టెలో పెట్టి, పాత సినిమాలు భద్రపరిచే ఆఫీసులో ఇచ్చాడు. తాను బతికుండగా ఎవరికీ, ముఖ్యంగా చెల్లెలికి, చూపించకూడదని షరతు పెట్టాడు.

"ఆయన సంతకం కావాలమ్మా. లేదంటే ఆయన పోయాక రండి" అంది అక్కడి ఆఫీసరమ్మ.

"ఆయనా? నన్ను సాగనంపిగాని కదలడు" అంది అమ్మమ్మ.

నన్ను తోడు తీసుకుని అన్నగారింటికి వెళ్ళింది. పెద్ద తాతయ్య రేడియో విప్పి ముందేసుకుని కూర్చున్నాడు.

"కర్టెన్లు కావాలా అన్నయ్యా? దాచుకోడానికి నీకు బాగా పనికొస్తాయి."

"వచ్చిన పని చెప్పవే."

"ఆ పెట్టె తెరిపించు."

"కుదరదు."

"అమ్మ మొహం నువ్వు చూశావు. నేనొక్కరోజూ చూడలేదు. ఇప్పుడు నీ మొహం కూడా నాకు మసగ్గానే ఉంది."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఆ సినిమాలో అమ్మ మెట్ల మీంచి పడాలి. అప్పటికి ఏడో నెల. వద్దంటే కంపెనీ వాళ్ళు వినలేదు. నేనక్కడే ఉన్నాను. కళ్ళు మూసుకున్నాను. ఆ సాయంత్రమే నొప్పులొచ్చాయి. కడుపులో నువ్వున్నావే! చూస్తే నీ మూలంగానే పోయిందనుకుంటావని..."

"ఇన్నేళ్ళూ ఒక్కడివే మోశావా, పిచ్చి అన్నయ్యా!" అని అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చేత్తోనే ఆయన సంతకం పెట్టాడు.

ఆఫీసులో చిన్న గది. బల్లమీద అద్దం లాంటి తెర. అమ్మమ్మ ముక్కు దానికి తగిలేంత దగ్గరగా జరిగింది. వదులు బట్టల్లో ఒకావిడ మెట్ల పైన నిలబడి ఎవరినో చూసి నవ్వింది.

"ఈ ముక్కు నాదే" అంది అమ్మమ్మ.

పెద్ద తాతయ్య గోడవైపు తిరిగాడు. తెరమీద ఆవిడ కాలు జారింది. రెయిలింగు పక్కనే ఉంది. పట్టుకోలేదు. రెండు చేతులూ పొట్టను చుట్టేశాయి. చివరి మెట్టు దాకా దొర్లినా విడలేదు.

"అన్నయ్యా, ఇటు తిరుగు. అమ్మ చేతులు చూడు!"

ఆయన తిరిగేసరికి రీలు అయిపోయింది.

"ఇక అందరికీ చూపించవచ్చా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

పెద్ద తాతయ్య కుర్చీ తెచ్చి చెల్లెలి పక్కన వేసుకున్నాడు.

"చూపించండి. ఆ జ్వరం మాట ఎక్కడుంటే అక్కడ కొట్టేయండి. ముందు మాకు ఇంకోసారి వెయ్యి తల్లీ."